జోడు కలవని చెవులు

సూది పడితే వినిపించే చెవికి రోలు దొర్లితే వినిపించలేదంటే ఎవరైనా నవ్వుతారు. ఆపరేటరమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఆ చెవి ఆవిడదే మరి.

ఆవిడ ముప్పై ఆరేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా పేరు పోలేదు. వీధిలో అందరికీ ఇప్పటికీ ఆపరేటరమ్మే. గరగరమనే లైన్లలో, గాలివానలో, అవతలివాళ్లు ఏడుస్తూ చెప్పినా తాగి చెప్పినా నంబరు తప్పు వినని చెవి అది. హెడ్‌సెట్టు ఎప్పుడూ ఎడమ చెవికే తగిలించుకునేది. కుడి చెవిని సూపర్‌వైజరు తిట్లకు వదిలేశానని తనే చెప్పి నవ్వేది. అందుకే ఎడమ చెవి అంటే ఆవిడకు కాస్త గర్వం. కొందరికి జుట్టు మీద ఉంటుంది, కొందరికి కొడుకు మీద ఉంటుంది, ఈవిడకు చెవి మీద.

ఆ మధ్య పుస్తకాలు చదివించి రికార్డు చేసే స్టూడియో ఒకటి ‘వినేవాళ్లు కావాలి’ అని ప్రకటన వేసింది. పని ఏమిటంటే, ఎదురుగా పుస్తకం పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చదివినవాళ్లు ఎక్కడ మాట మింగేశారో, ఎక్కడ పెదవులు చప్పరించారో, ఎక్కడ కుర్చీ కిర్రుమందో నిమిషాలూ సెకన్లతో సహా కాగితం మీద రాయడం. తప్పులు పట్టడం! అదీ ఎవరూ ఎదురు చెప్పకుండా! ఆపరేటరమ్మకు ప్రాణం లేచొచ్చింది. మూడేళ్లుగా ఇంట్లో కూర్చుని మొగుడి తప్పులొక్కటే పడుతోందేమో, ఆయనకూ ప్రాణం లేచొచ్చింది.

పనిలో పెట్టుకునే ముందు పరీక్ష ఉంది. అరగంట రికార్డింగులో ఏడు తప్పులు కావాలని దాస్తారు. ఏడూ పట్టాలి. రెండుసార్లే అవకాశం. మొదటిసారి ఆవిడ ఆరు పట్టింది.

మేనేజరు ముప్పై అయిదేళ్లవాడు, మర్యాదస్తుడు. తన చేతిలోని జవాబుల కాగితం చూసి పెదవి విరిచాడు.

“చిన్నచిన్నవన్నీ పట్టారండీ. కాగితం తిప్పిన చప్పుడు పట్టారు, గుటక వేసింది పట్టారు. కానీ నాలుగు నిమిషాలపాటు గొంతు వెనకాల గుంయ్‌మని మోత ఉంది. అంత పెద్దదాన్ని వదిలేశారు.”

“ఏ మోత బాబూ? నాకేం వినపడలేదే!”

“అదేనండీ నేననేది. ఏమీ అనుకోకపోతే, ఒకసారి చెవులు చూపించుకోండమ్మా. వయసు కదా.”

రెండో పరీక్ష శుక్రవారం అన్నాడు. అలవాటు చేసుకోమని ఇయర్‌ఫోన్ల డబ్బా ఇంటికిచ్చి పంపాడు. డబ్బాలో ఏది ఎలా ఉందో అలాగే తిరిగి రావాలని, ఏదీ విప్పొద్దని మరీమరీ చెప్పాడు. ఆ జాగ్రత్తలన్నిటికీ ఆవిడ తలూపింది గానీ, ‘వయసు కదా’ అన్న రెండు మాటలే దారి పొడుగునా జోరీగల్లా చెవిలో తిరిగాయి.

ఇంటికి రాగానే ముందు గదిలోకి వెళ్లింది. ముందు గదే వాళ్లాయన కుట్టు దుకాణం. ఆయన టైలరు. నలభై ఏళ్ల నుంచి అదే గది, అదే మెషీను. బల్ల మీది గుండుసూదుల డబ్బా తీసుకుని, గోడవైపు తిరిగి, ఒక్కొక్క సూదీ వెనక్కి విసరడం మొదలుపెట్టింది.

“ఏమే, ఏమైంది నీకు?”

“ఉండండి. ఇది తలుపు దగ్గర పడింది. ఇది మీ చెప్పు మీద పడింది. అవునా కాదా?”

ఆయన వంగి చూశాడు. చెప్పు మీదే ఉంది. “అవును గానీ, అవి ఎవరు ఏరతారు?”

ఆవిడే ఏరింది. ఏరుతూ జరిగింది చెప్పింది. ఆవిడకు భయం వేసింది, అంతే. వంట అందరూ చేస్తారు, ఇల్లు అందరూ ఊడుస్తారు. చెవి ఒక్కటే ఆవిడ సొంతమైన విద్య. అది కూడా పోతే తన దగ్గర ఇంకేం మిగులుతుందని భయం.

“రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం, పద. తేలిపోతుంది” అన్నాడు టైలరు.

డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులు మొత్తం మూసేసేంత పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి, వినపడినప్పుడల్లా బటను నొక్కమంది. సన్నటి కూత నుంచి బొంగురు మోత దాకా అన్నీ వినిపించింది. చివర్లో గీత గీసిన కాగితం చేతిలో పెట్టింది.

“మీ వయసులో ఇంత బాగా వినేవాళ్లు తక్కువమ్మా. రెండు చెవులూ సమానంగా ఉన్నాయి.”

“లావు శబ్దాలు కూడానా డాక్టరుగారూ?”

“లావువీ సన్నవీ అన్నీ. ఎవరు చెప్పారు మీకు చెవి పోయిందని?”

వీధి మలుపు తిరిగేదాకా ఆ సంతోషం ఉంది. మలుపు తిరగ్గానే బుర్రలో పురుగు తొలిచింది. చెవి బాగుందంటే మోత ఎందుకు వినపడలేదు? రికార్డింగులో మోత లేదా? ఉందనే కదా మేనేజరు కాగితం చూసి మరీ చెప్పాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. అలాంటప్పుడు ఎక్స్ఛేంజిలో ఒక పద్ధతి ఉండేది. లైను సరిగ్గా లేకపోతే ముందు ఈ చివర చూడాలి, తర్వాత ఆ చివర చూడాలి. రెండు చివరలూ బాగుంటే లోపం మధ్యలో తీగలో ఉన్నట్టు.

“ఏవండీ, మధ్యలో ఏముంది?”

“ఎక్కడ మధ్యలో?”

“ఆ రికార్డింగుకీ నా చెవికీ మధ్యలో.”

“ఇయర్‌ఫోనే కదా” అన్నాడాయన, అదో ప్రశ్నా అన్నట్టు.

ఇయర్‌ఫోను మీద నెపం వేస్తే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుందని సిగ్గుపడింది. కానీ కుతూహలం ఊరుకోనిస్తుందా? మధ్యాహ్నం పని ముగించి, ఇయర్‌ఫోన్లు చెవుల్లో దూర్చుకుని, డ్రమ్ము దరువు బాగా ఉన్న పాట ఒకటి పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. గాయకుడు పాడుతున్నాడు, గజ్జెలు మోగుతున్నాయి, డ్రమ్ము మాత్రం పక్క వీధిలో ఎవరో డబ్బా కొడుతున్నట్టు టకటకమంటోంది. వింటూ వింటూ అరచేతికి చెంప ఆనించింది. వేలు ఎడమ ఇయర్‌ఫోను మీద పడింది.

డ్రమ్ము ఒక్కసారిగా కడుపులోకి దిగింది.

ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. డ్రమ్ము పోయింది. మళ్లీ నొక్కింది, వచ్చింది. వదిలింది, పోయింది. పదిసార్లు నొక్కి వదిలి చూసింది. పదకొండోసారి కిటికీ కింద నుంచి వెళ్తున్న పాలాయన ఆగి, “చెవిపోటా అమ్మగారూ?” అని అడిగాడు. “కాదు, చెవి తిరిగొచ్చింది” అని కిటికీ మూసేసింది.

అక్కడి నుంచి ఫోన్ల కొట్టుకు పరుగు. ఆ కొట్టావిడ నడివయసు మనిషి, ప్రపంచంలో ఉన్న వైర్లన్నీ మెడలో వేసుకుని తిరుగుతుంది. సంగతి విని ఇయర్‌ఫోను చేతిలోకి తీసుకుని, చివర ఉన్న చిన్న గొడుగులాంటి రబ్బరు చూపించింది.

“ఇదంతా ఈ టిప్పు చేసే పని పిన్నీ. ఇది చెవి దారిని చుట్టూ మూసెయ్యాలి. ఏ పక్కన సందున్నా లావు శబ్దమంతా అందులోంచి జారిపోతుంది. సన్నవాటికేం కాదు, అవి ఎలాగైనా లోపలికి వస్తాయి. మీరు నొక్కినప్పుడు సందు మూసుకుంది, అందుకే డ్రమ్ము వినపడింది.”

“అంటే కుండకు చిల్లు పడ్డట్టా?”

“అచ్చం అంతే. మీ సైజు టిప్పు పెట్టుకుంటే సరి. డబ్బాలో వేరే సైజులు చిన్న పొట్లంలో ఇస్తారే, చూడలేదా?”

ఆపరేటరమ్మ నాలిక కరుచుకుంది. పొట్లం ఉంది. డబ్బా మూతకు అతికించి ఉంది. తిరిగి ఇవ్వాల్సిన వస్తువని ముట్టుకోలేదు.

కొట్టావిడ స్పాంజిలాంటి మెత్తటి టిప్పులు కూడా తీసింది. వేళ్ల మధ్య నలిపి, తల మీదుగా రెండో చేత్తో చెవి కాస్త పైకి లాగి దూర్చి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలని చూపించింది. నిజంగానే వీధి చప్పుడంతా ఆగిపోయి, డ్రమ్ము దగ్గరికొచ్చింది. అయితే గజ్జెలు దుప్పటి కప్పుకున్నట్టు మొద్దుగా వినిపించాయి. పెదవుల చప్పుడు పట్టాల్సిన మనిషికి అది కుదరదు. పైగా కాసేపటికే చెవి వేడెక్కి దురద పుట్టింది. వద్దని తిరిగిచ్చేసింది.

“ఇంకో మాట పిన్నీ. టిప్పు పెట్టుకుని మీలో మీరు మాట్లాడుకోండి. మీ గొంతు బుర్రలో గుమ్మని మోగితే మూసుకున్నట్టు. మామూలుగా వినపడితే ఎక్కడో సందున్నట్టు.”

దారంతా తనలో తాను మాట్లాడుకుంటూ వెళ్లిన ఆపరేటరమ్మను చూసి జనం ఏమనుకున్నారో మనకు అనవసరం.

ఇంట్లో పొట్లం ముందు పెట్టుకుని కూర్చుంది. విప్పొద్దని మేనేజరు చెప్పాడు. విప్పకపోతే శుక్రవారం మళ్లీ అదే గతి. ముప్పై ఆరేళ్లలో ఒక్క రూలూ తప్పని మనిషి, అటు చూసి ఇటు చూసి, “ఏవండీ, ఆ కత్తెర ఇలా ఇవ్వండి” అంది. పొట్లంలో రెండు జతలున్నాయి, లోపల ఎర్ర అంచున్న పెద్దవి, నీలం అంచున్న చిన్నవి.

పెద్దవి పెట్టింది. ఎడమ చెవిలో తన గొంతు గుమ్మంది. కుడి చెవిలోనూ గుమ్మంది గానీ పది నిమిషాలకు ఎవరో వేలు పెట్టి తిప్పుతున్నట్టు నొప్పి లేచింది. తీసేసి చిన్నవి పెట్టింది. కుడి చెవికి ఉన్నట్టే తెలియలేదు, హాయి. ఎడమ చెవిలోది మాత్రం తల తిప్పగానే జారి ఒళ్లో పడింది. మళ్లీ పెద్దవి, మళ్లీ చిన్నవి, మళ్లీ ఇయర్‌ఫోన్లకు మొదట ఉన్న నల్లవి. చీకటి పడేసరికి రెండు చెవులూ కందిపోయాయి, ఒక్క జతా కుదరలేదు. తల ప్రాణం తోకకొచ్చి, మూడు జతలూ బల్ల మీద పారేసి ముఖం తిప్పుకుంది.

“నా వల్ల కాదండీ. ఒక చెవికి మంచిది ఇంకో చెవికి చెడ్డదవుతోంది.”

టైలరు కుట్టు ఆపి కళ్లద్దాల పైనుంచి చూశాడు. “అయితే ఎడమకు పెద్దది, కుడికి చిన్నది పెట్టుకో.”

“జోడు తప్పించి పెట్టుకుంటారా ఎవరైనా? ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటులా! నలుగురూ నవ్వరూ?”

“నీ చెవిలోకి తొంగిచూసే ఆ నలుగురూ ఎవరే?” అన్నాడాయన. తర్వాత మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టాడు. “నలభై ఏళ్లుగా మనుషుల్ని కొలుస్తున్నాను. రెండు భుజాలూ ఒకేలా ఉన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు. ఒకటి పల్లంగా ఉంటుంది, ఒకటి మెరకగా ఉంటుంది. రెండు చేతులూ ఒక పొడుగుండవు. కోటు సరిగ్గా కూర్చోవాలంటే రెండు వైపులా వేరువేరుగా కత్తిరించాలి. చూసేవాడికి మాత్రం రెండూ ఒకేలా ఉండాలి. పనితనమంతా అదే.”

“మరి కోటు వేసుకునేవాళ్లకి చెప్పరా?”

“ఎందుకు చెప్పడం? బాధపడతారు.” చెప్పొచ్చో లేదో అన్నట్టు గడ్డం గోక్కున్నాడు. “నీ జాకెట్లకి ఎడమ భుజం దగ్గర పెళ్లయినప్పటి నుంచీ పావంగుళం ఎక్కువ పెడుతున్నాను.”

ఆపరేటరమ్మ చటుక్కున లేచి అద్దం ముందుకెళ్లి భుజాలు చూసుకుంది. “ముప్పై ఎనిమిదేళ్లు! ముప్పై ఎనిమిదేళ్లు నన్ను వంకర మనిషిని చేసి...”

“నిన్నెవరు చేశారే? ఉన్నదాన్ని సరిపెట్టాను.”

ఆవిడకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది. ఎడమకు ఎర్ర అంచుది, కుడికి నీలం అంచుది తొడిగి, చెవి పైకి లాగి మెల్లగా తిప్పుతూ దూర్చుకుంది. “ఏవండీ” అంది. ఆ పిలుపు రెండు వైపులా సమానంగా, నిండుగా బుర్రలో మోగింది. గంటసేపు అలాగే కూర్చుంది. నొప్పి లేదు, జారడం లేదు. టైలరు ఏదో అడిగాడు గానీ ఆవిడకు వినపడనే లేదు.

శుక్రవారం పరీక్షకు వేరే రికార్డింగు పెట్టారు. ఆపరేటరమ్మ కళ్లు మూసుకుని వింది. పెదవుల చప్పుడు, గుటక, మింగేసిన మాట, ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయింది. తొమ్మిదో నిమిషం ఇరవయ్యో సెకను దగ్గర చదివేవాడి గొంతు కింద ఎక్కడో మెల్లగా, దూరంగా లారీ నిలబెట్టి ఇంజను ఆపనట్టు, గుంయ్‌మంది. ఆవిడ కళ్లు తెరిచింది. ఏడుపొచ్చినంత పనైంది. పదమూడో నిమిషం దాకా దాన్ని వదలకుండా వెంబడించి, ఆగిన సెకను కూడా రాసింది.

మేనేజరు తన కాగితంతో పోల్చి చూశాడు. ముఖం చిట్లించాడు.

“ఆరు కుదిరాయండీ. ఏడోదే... మోత పదకొండో నిమిషంలో మొదలవుతుంది. మీరు తొమ్మిది అని రాశారు.” కాస్త మొహమాటపడి, “పోయినసారి చెప్పాను కదా అని ఊహించి రాశారా?” అన్నాడు.

ఆపరేటరమ్మకు ఒళ్లు మండింది. వయసు అంటే పడింది, అబద్ధం అంటే పడదు. “నువ్వు విని చెప్పు బాబూ” అంది.

అతను తన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొమ్మిదో నిమిషం దగ్గర విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. “లేదండీ.”

“సరే. పదకొండు దగ్గర విను.”

విన్నాడు. కాసేపు గడిచింది. సౌండు పెంచాడు. ఇంకాసేపు గడిచింది.

“ఉందా?”

“ఉండాలండీ. కాగితంలో ఉంది.”

“కాగితంలో సంగతి కాదు నేనడిగేది. నీ చెవిలో ఉందా?”

మేనేజరు మళ్లీ కాగితంకేసి చూశాడు. ఆ కాగితం తయారుచేసినవాడు మునుపటి సౌండింజనీరు. ఇతను వచ్చేనాటికే మానేసి వెళ్లిపోయాడు. ఇతను రెండేళ్లుగా కాగితం చూసి మార్కులు వేస్తున్నాడు తప్ప ఆ మోతను ఒక్కసారీ విననేలేదు. వినలేదన్న సంగతి కూడా ఈ క్షణం దాకా అతనికి తెలియదు.

“ఏమీ అనుకోవుగా” అంటూ ఆపరేటరమ్మ బల్ల మీదుగా వంగి, రెండు చూపుడు వేళ్లతో అతని రెండు ఇయర్‌ఫోన్లూ లోపలికి నొక్కిపట్టింది.

అతని కళ్లు పెద్దవయ్యాయి. తనే వెనక్కి జరిపి తొమ్మిదో నిమిషం నుంచి విన్నాడు. ఇరవయ్యో సెకను దగ్గర చెయ్యెత్తాడు. ఆవిడ వేళ్లు తీసేసింది. చెయ్యి కిందికి దిగింది. మళ్లీ నొక్కింది. మళ్లీ లేచింది.

“ఇదేంటమ్మా ఇది! కాగితంలో నిమిషాలే తప్పు రాశాడు!”

ఆవిడ తన ఇయర్‌ఫోన్ల నుంచి ఎర్రదీ నీలందీ ఊడదీసి బల్ల మీద పెట్టి, సందు సంగతి, సైజు సంగతి అంతా చెప్పింది. పొట్లం చింపానని కూడా చెప్పేసింది. అతను కోప్పడలేదు. తన డబ్బా తెరిచి, మూతకు అంటుకుని ఉన్న పొట్లంకేసి చాలాసేపు చూశాడు.

“సోమవారం నుంచి రండి” అన్నాడు చివరికి. ఆవిడ ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట అది. కానీ అన్నవాడి ముఖంలో ఏ సంతోషమూ లేదు.

“ఏమైంది బాబూ?”

“ఈ ఏడోదాని దగ్గరే చాలామంది పోయారండీ. తొమ్మిదిమంది.” సొరుగులోంచి ఒక పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. “ఇక్కడ ఒకాయన ఉన్నాడు. రేడియోలు బాగుచేసే మనిషి. మీకు చెప్పినట్టే ఆయనకీ చెప్పాను, వయసు కదా అని. డాక్టరు దగ్గరికి వెళ్లమన్నాను. ‘అక్కర్లేదు బాబూ, నాకూ అనుమానంగానే ఉంది’ అన్నాడు. తర్వాత తెలిసింది, కొట్టు మూసేశాడట. చెవి లేకుండా రేడియోలేం బాగుచేస్తానని.”

ఆపరేటరమ్మకు తను గోడవైపు తిరిగి సూదులు విసిరిన రోజు గుండెల్లో పుట్టిన ఆ భయం మళ్లీ వచ్చి పోయింది. తనకు ఒక్క రోజు. ఆ మనిషికి ఎన్ని నెలలో.

“చూస్తావేం? చెయ్యి ఫోను.”

“ఏమని చెప్పనమ్మా?”

“నాకు చెప్పావు చూడు, అలాగే ఉన్నదున్నట్టు చెప్పు.”

అతను నంబరు నొక్కాడు. చాలాసేపు మోగింది. అవతల ఎవరో ఎత్తారు. మేనేజరు తనెవరో చెప్పాడు, పరీక్ష గుర్తుచేశాడు. తడబడ్డాడు, దగ్గాడు. చివరికి ఒక్క గుక్కలో అన్నాడు, “మీ చెవుల్లో ఏ దోషమూ లేదండీ. ఆ మోత నాకే వినపడలేదు.”

అవతల నుంచి మాట రాలేదు. అతను ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసుకున్నాడు. “పెట్టేసినట్టున్నారు” అన్నాడు దిగులుగా.

“పెట్టెయ్యలేదు” అంది ఆపరేటరమ్మ, బల్లకు ఇవతలి నుంచే. “ఉన్నారు. ఊపిరి వినిపిస్తోంది. ఇంకోసారి చెప్పు.”